ఏడేళ్లు, రెండు సీసాలు, ఒక నల్ల చిరుత: డెకాల్స్‌తో నా అనుభవం

ప్లాస్టిక్ మోడల్ విమానాల మీద డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి జార్చి అంటించే పల్చటి ముద్రిత గుర్తులు) అంటించడానికి వాడే మైక్రో సెట్, మైక్రో సాల్ అనే రెండు ద్రావణాలు నా టేబుల్ మీదకొచ్చి ఏడేళ్లు దాటింది. నీలం లేబుల్‌ది సెట్, ఎర్ర లేబుల్‌ది సాల్. సీసాకి 30 మిల్లీలీటర్లే గానీ బ్రష్‌తో చుక్క చుక్క వాడే సరుకు కాబట్టి అంత తొందరగా అయిపోదు, నాది ఇప్పుడు రెండో జత. వీటితో ఇరవైకి పైగా విమానాలకు గుర్తులు అంటించాను. దాదాపు అన్నీ రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధ విమానాలు స్పిట్‌ఫైర్లు, హరికేన్లే. కొనాలా అంటే కొనండి. కాకపోతే మొదటి రెండేళ్లు నా డెకాల్స్ పాడైంది ఇవి లేక కాదు, ఇవి ఉన్నాయి కదా అన్న ధీమాతో కింద పని సరిగ్గా చేయక.

మెరుపు లేని మ్యాట్ రంగు కంటికి నున్నగానే కనిపిస్తుంది గానీ నిజానికి గరుకు. డెకాల్ దాని మీద కూర్చుంటే ఆ సన్న గుంటల్లో గాలి ఇరుక్కుని, ఆరాక అక్షరం చుట్టూ అభ్రకం పొరలా మెరుస్తుంది. దీన్నే సిల్వరింగ్ అంటారు. ఒకసారి వచ్చిందంటే సూదితో పొడిచి మళ్లీ సాల్ రాసినా పూర్తిగా పోదు. అందుకే ముందు టమియా ఎక్స్-22 క్లియర్ (రంగు లేని మెరుపు వార్నిష్) పల్చగా కలిపి రెండు కోట్లు కొట్టి ఒక రోజు వదిలేస్తాను, వానాకాలమైతే రెండు రోజులు. వేలితో తడిమితే స్టీలు గిన్నె అడుగులా జారాలి. అలా జారకపోతే ఏ మందూ కాపాడదు.

నీళ్ల సంగతి ఎవరూ చెప్పరు. మాది బోరు నీళ్లు. ముదురు ఆకుపచ్చ మీద డెకాల్ ఆరాక చుట్టూ తెల్ల మరక కనిపిస్తే మొదట తప్పు సాల్‌దే అనుకున్నా. తీరా చూస్తే అది మా ఇంటి బకెట్టు అంచున కట్టే తెల్ల పొరే. అప్పటినుంచి ఫిల్టర్ నీళ్లే వాడుతున్నా, కొంచెం గోరువెచ్చగా.

సెట్ మూత తీయగానే వెనిగర్ వాసన కొడుతుంది. అందులో ఉండేది ఎసిటిక్ యాసిడే మరి. అది డెకాల్ కింద రాయాలి, అంటుకోవడానికి. సాల్ పైన రాయాలి, అది డెకాల్ ఫిల్మును మెత్తబరిచి ప్యానెల్ లైన్లలోకి (రేకుల అతుకుల గీతల్లోకి), రివెట్ల మీదకి దించుతుంది. ఎండాకాలం ఫ్యాన్ కింద కూర్చుంటే సెట్ రాసి డెకాల్ తెచ్చేలోపే ఆరిపోతుంది. ఆ పూటకి ఫ్యాన్ ఆపుకుని చెమటలు కారుస్తూ అంటించుకోవాల్సిందే. మందంగా ఉండే డెకాల్స్ సాల్‌కి లొంగవు, వాటికి మిస్టర్ మార్క్ సాఫ్టర్ లాంటి ఘాటు మందు కావాలి. పల్చటి షీట్ మీద అదే రాస్తే ఫిల్ము జావ అయిపోతుంది, చూసుకోండి.

డెకాల్ షీట్లలో నాకు నమ్మకమున్నది ఇటలీ కార్టోగ్రాఫ్ ముద్రణ. రంగులు గీత దాటవు, తెలుపు నిజంగా తెలుపే. ఈ మధ్య ఎడ్వార్డ్ కంపెనీ షీట్లలో ఆరాక పై ఫిల్మును ఒలిచేసి రంగు మాత్రమే మిగుల్చుకునే వీలొచ్చింది. మొదటిసారి ఒలిచేటప్పుడు టెన్షన్‌తో చెయ్యి వణికింది గానీ ఫలితం మాత్రం అచ్చం రంగు వేసినట్టే ఉంది. ఇక దాచుకునే విషయానికొస్తే, జిప్ కవర్‌లో పెట్టకపోతే మన వానాకాలానికి షీట్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి. పసుపెక్కిన షీట్‌ని కిటికీ అద్దానికి టేపుతో అంటించి కొన్నాళ్లు ఎండ తగలనిస్తే చాలావరకు తెల్లబడుతుంది, నేను రెండు షీట్లు అలాగే బాగుచేసుకున్నా.

ఇదంతా నేర్చుకున్నాక ధైర్యం చేసిన మోడల్ 152 స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్ 8. బ్రిటిష్ వైమానిక దళంలో దాని పూర్తి పేరు 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్. నిజాం ఇచ్చిన డబ్బుకి గుర్తుగా ఆ పేరు పెట్టారు, వాళ్ల చిహ్నంలో ఉండేది నిజాం తలపాగా. 1940లో ఇంగ్లండ్‌ని కాపాడిన యుద్ధంలో అక్కడి వార్మ్‌వెల్ స్థావరం నుంచి ఎగిరి, 1943 చివర్లో మన వైపు వచ్చి బర్మా పోరులో దిగారు. మా ఊరి పేరున్న విమానం షెల్ఫ్‌లో లేకపోతే ఎలా అనిపించింది.

బర్మా పోరులోని బ్రిటిష్ విమానాల మీద గుండ్రటి గుర్తులో ఎరుపు ఉండేది కాదు. జపాన్ వాళ్ల ఎర్ర సూర్యుడనుకుని మనవాళ్లే కాల్చేస్తారేమోనని తీసేశారు. మధ్యలో లేత నీలం, చుట్టూ ముదురు నీలం, అంతే. నేను కొన్న షీట్ ఒక చిన్న కంపెనీది, ఎవరిదో వదిలేయండి, అందులో ఆ లేత నీలం పండగ బెలూన్ రంగులో ఉంది. స్క్వాడ్రన్ గుర్తైన తెల్లటి యుఎం అక్షరాల్లోంచి కింది ఆకుపచ్చ కనిపించింది, అవే అక్షరాలు ఇంకో జత ఉండబట్టి వాటి మీద మళ్లీ అంటించాను. అప్పటినుంచి పెద్ద గుండ్రాలు మాస్క్ పెట్టి ఎయిర్‌బ్రష్‌తోనే వేస్తున్నా. డెకాల్ అక్షరాలకీ, బొమ్మలకీ మాత్రమే.

అసలు కష్టం చిరుతది. ఆ స్క్వాడ్రన్ విమానాలు కొన్నింటి మీద ఆ గుండ్రం గుండా దూకుతున్న నల్ల చిరుత ఉండేది. నా షీట్‌లో అది ఒకటే పొడుగు ముక్క, మూడు ప్యానెల్ లైన్లు దాటి కూర్చోవాలి. సెట్ రాసి, జార్చి, ఇయర్ బడ్‌తో మధ్యలోంచి అంచులకి నీళ్లు నొక్కి, పైన సాల్ రాశాను. రెండు నిమిషాల్లో చిరుత ఒళ్లంతా ఎండిన బొప్పాయి తొక్కలా ముడతలు పడింది. అప్పుడు ముట్టుకోకూడదు, ఆరేకొద్దీ అదే బిగుసుకుంటుంది. ఈ మాట పదిమందికి చెప్పినవాణ్ని, సరిగ్గా అప్పుడే తోక దగ్గర ఒక ముడత చూసి ఆగలేక టూత్‌పిక్‌తో సర్దబోయాను. తోక చివర పుల్లకి అంటుకుని వచ్చేసింది.

పొద్దున లేచి చూస్తే మిగతా చిరుత అద్భుతంగా దిగింది, ప్యానెల్ లైన్లతో సహా. తోక సున్నా నంబర్ బ్రష్‌తో నల్ల రంగు పెట్టి గీశాను, కొంచెం లావైంది. విమానం ఆ పక్క గోడవైపు ఉండేలా పెట్టాను.