లేటెక్‌లో నిలువు గీత: పన్నెండేళ్ల వాడకం తర్వాత

ఇంటర్మీడియట్ గణిత పుస్తకాలను పన్నెండేళ్లుగా లేటెక్‌లో (రాసిన ఆదేశాలను బట్టి పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో) కూరుస్తున్నాను. సమాకలనులు, మాత్రికలు నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ఏడిపించింది మాత్రం కీబోర్డు మీది ఒక్క నిలువు గీత.

మొదటి పుస్తకం ప్రూఫులు దిద్దిన విశ్రాంత అధ్యాపకులు |−5|, అంటే −5 పరమ మూల్యం, కనిపించిన ప్రతిచోటా ఎర్ర సిరాతో సున్నా చుట్టి, ‘దేనిలోంచి 5 తీసేయాలి?’ అని రాశారు. చూద్దును కదా, రుణ గుర్తు అటూ ఇటూ జాగా వదులుకుని దర్జాగా నిలబడి ఉంది. తప్పు నాదే. కీబోర్డు గీతను లేటెక్ మామూలు అక్షరంగానే చూస్తుంది. దాని తర్వాత రుణ గుర్తు, ఆపైన అంకె వస్తే తీసివేత అనుకుంటుంది. కుండలీకరణమైతే తెరిచేది ఏదో మూసేది ఏదో ఆకారమే చెబుతుంది. గీతకు ఎటు చూసినా ఒకే ముఖం. ఏఎమ్ఎస్‌మ్యాథ్ ప్యాకేజీలోని (లేటెక్‌కు జోడించుకునే అదనపు ఆదేశాల కట్టలోని) ఎల్‌వర్ట్, ఆర్‌వర్ట్ ఆదేశాలతో ఎడమది ఏదో కుడిది ఏదో చెప్పాక ఆ జాగా మాయమైంది.

అప్పటి నుంచి గీత కొట్టే ముందు దాని పని ఏమిటో చూసుకుంటున్నాను. 4 | 12 (12ను 4 నిశ్శేషంగా భాగిస్తుంది) లాంటి భాజనీయతకూ, సమితి నిర్వచనానికీ మిడ్ ఆదేశం; అది రెండు వైపులా తగిన ఎడం ఇస్తుంది. సదిశ పరిమాణానికి రెండు వైపులా జంట గీతలు కావాలి, కీబోర్డు గీతనే రెండుసార్లు కొడితే విడివిడిగా పడతాయి. దానికి ఎల్‌వర్ట్, ఆర్‌వర్ట్‌లనే ‘వి’ పెద్దక్షరంగా రాయాలి.

ఇక ఎత్తు సంగతి. లెఫ్ట్, రైట్ ఆదేశాలు లోపలి భిన్నాన్ని బట్టి గీతల్ని వాటంతటవే సాగదీస్తాయి. మొదట్లో అన్నిచోట్లా అవే వాడాను. సంకలన గుర్తు వచ్చినప్పుడు బండారం బయటపడింది: కిందా పైనా ఉన్న అవధుల్ని కూడా కలుపుకుని గీతలు తాటిచెట్లలా లేచాయి. ఇలాంటిచోట బిగ్ మొదలుకొని ఉన్న నాలుగు సైజుల్లో ఒకటి చేత్తో ఎంచుకోవడమే మేలు. సమీకరణం రెండు వరసలకు పాకితే మరో తంటా. పై వరసలో లెఫ్ట్, కింది వరసలో రైట్ పెడితే కుదరదు. ఏ వరసకా వరసలో జత కలవాలి. జత లేనిచోట చుక్క పెట్టి కనిపించని జోడీని నిలబెట్టాలి. అప్పుడూ రెండు వరసల గీతలు ఒకే ఎత్తులో వస్తాయన్న హామీ లేదు.

మిడ్‌కూ ఒక లోపముంది, లోపల ఎంత పెద్ద భిన్నమున్నా అది ఎదగదు. మిడిల్ అనే ఆదేశంతో పెట్టిన గీత ఎదుగుతుంది కానీ పక్కన ఎడం వదలదు, మనమే వదలాలి. ఇన్నేళ్లయినా నాకు ఇది విసుగే.

కొత్తగా మొదలుపెట్టేవారు మ్యాథ్‌టూల్స్ ప్యాకేజీలో జంట గుర్తుల్ని నిర్వచించే సదుపాయాన్ని మొదటిరోజే వాడుకోండి. పరమ మూల్యానికి సొంత ఆదేశం ఒక్క పంక్తిలో తయారవుతుంది. ఆ ఆదేశానికి నక్షత్రం గుర్తు తగిలిస్తే సైజు దానంతటదే సరిపోతుంది, లేదంటే మనం చెప్పిన సైజులో వస్తుంది.

నిర్ధారకానికి పరమ మూల్యం రాయాల్సి వస్తే మాత్రం నేను గీతల జోలికి పోవడం లేదు. నిర్ధారకాన్నీ నిలువు గీతల మధ్యే రాస్తారు కాబట్టి, ఎంత జాగ్రత్తగా కూర్చినా నాలుగు గీతలు కలిసి వేరే గుర్తులా కనిపిస్తాయి. నిర్ధారకాన్ని ‘డెట్’ (det) అని రాసి, గీతల్ని పరమ మూల్యానికే వదిలేస్తున్నాను.