ఫోర్జా హొరైజన్ 5: ఏ కన్సోల్ మీద ఆడితే మేలు?

మెక్సికో నేపథ్యంలో సాగే కార్ల పందేల వీడియో గేమ్ ఫోర్జా హొరైజన్ 5 ఏ కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే గేమ్ యంత్రం) మీద ఆడితే బాగుంటుందని కొంతకాలంగా నన్ను చాలామంది అడుగుతున్నారు. 2021 నవంబరులో ఆట విడుదలైనప్పుడు ఈ ప్రశ్నకు తావే లేదు. కన్సోల్ మీద ఆడాలంటే అది మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ మాత్రమే. 2025 ఏప్రిల్ 29న ప్లేస్టేషన్ 5 కూర్పు వచ్చాక పరిస్థితి మారింది. నేను మూడేళ్లకు పైగా ఎక్స్‌బాక్స్‌లో చిన్న రకమైన సిరీస్ ఎస్ మీద ఆడాను, అప్పుడప్పుడు మిత్రుడి ఇంట్లో దానికంటే శక్తిమంతమైన సిరీస్ ఎక్స్ మీద కూడా ఆడుతూ వచ్చాను. ఈ మధ్యనే ప్లేస్టేషన్ 5 తీసుకుని అదే మెక్సికోలో, అవే రోడ్ల మీద మళ్లీ మొదటి నుంచి ప్రయాణం మొదలుపెట్టాను. ఈ పోలిక ఆ అనుభవంలోంచి వచ్చింది.

అందరూ ముందుగా అడిగేది బొమ్మ నాణ్యత గురించి కాబట్టి ఆ సంగతి మొదట చెబుతాను. సిరీస్ ఎక్స్‌కూ ప్లేస్టేషన్ 5కూ మధ్య చెప్పుకోదగ్గ తేడా నాకు కనిపించలేదు. పానిక్ బటన్ స్టూడియో ఈ ఆటను ప్లేస్టేషన్‌కు చాలా శ్రద్ధగా తీసుకువచ్చింది. గ్వానహ్వాతో నగరపు ఇరుకు వీధులలో గోడల రంగులు, ఎడారిలో దుమ్ము తుఫాను కమ్ముకొచ్చే తీరు, వాన వెలిసిన రోడ్డు మీద పడే ఆకాశపు నీడ రెండింటిలోనూ ఒకే స్థాయిలో ఉన్నాయి. సిరీస్ ఎస్ మాత్రం ఒక మెట్టు కింద ఉంటుంది. దూరాన ఉన్న చెట్లు, పొదలు కాస్త ఆలస్యంగా రూపు కడతాయి. పెద్ద 4కె టీవీ ముందు దగ్గరగా కూర్చునే వారికి ఆ తేడా తెలుస్తుంది గాని, అంతకంటే తక్కువ స్పష్టత గల 1080పి తెర మీద ఆడేవారు దాని గురించి బెంగ పెట్టుకోనక్కరలేదు.

బొమ్మ నాణ్యత కంటే సెకనుకు ఎన్ని ఫ్రేములు, అంటే తెర మీద ఎన్ని బొమ్మలు, వస్తాయన్నది చాలా ముఖ్యం. ఈ మూడు కన్సోళ్లలోనూ రెండు మోడ్‌లు ఉన్నాయి: నాణ్యతకు ప్రాధాన్యమిచ్చే క్వాలిటీ మోడ్‌లో 30 ఫ్రేములు, వేగానికి ప్రాధాన్యమిచ్చే పెర్ఫార్మెన్స్ మోడ్‌లో 60 ఫ్రేములు వస్తాయి. సిరీస్ ఎస్‌లో క్వాలిటీ మోడ్ 1440పి దగ్గర, పెర్ఫార్మెన్స్ మోడ్ 1080పి దగ్గర ఉంటాయి. గంటకు 216 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 60 మీటర్లు దాటుతుంది. అంటే 30 ఫ్రేముల మోడ్‌లో ఒక బొమ్మకూ మరుసటి బొమ్మకూ మధ్య కారు 2 మీటర్లు ముందుకు జరిగిపోతుంది. 60 ఫ్రేములలో అది ఒక్క మీటరే. మలుపు దగ్గర ఎక్కడ బ్రేకు వేయాలో కంటితో కొలుచుకునేవారికి ఆ ఒక్క మీటరు తేడా చిన్నది కాదు. కనుక ఏ కన్సోల్ కొన్నా మొట్టమొదట సెట్టింగులలోకి వెళ్లి పెర్ఫార్మెన్స్ మోడ్‌ను ఎంచుకోండి. ఫొటోలు తీసుకోవడానికి తప్ప క్వాలిటీ మోడ్‌లోకి వెళ్లవలసిన అవసరం నాకు ఎన్నడూ కలగలేదు.

ఇక నా దృష్టిలో ఈ పోలికను తేల్చేది బ్రేకు నొక్కే వేలికి కంట్రోలర్ అందించే సమాచారం. ఆటలో ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సహాయాన్ని తీసేసి ఆడేవారికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. టైరు రోడ్డును అత్యంత గట్టిగా పట్టుకునేది చక్రం బిగుసుకుపోవడానికి కాస్త ముందు. ఆ హద్దు దాటితే చక్రం తిరగడం మాని జారడం మొదలుపెడుతుంది, స్టీరింగ్ ఎంత తిప్పినా కారు తిన్నగానే పోతుంది. హద్దుకు చేరువగా, దానిని దాటకుండా వేలిని నిలపడమే బ్రేకింగ్‌లోని నేర్పు అంతా. తారు రోడ్డు మీద ఆ హద్దు ఒకచోట ఉంటే మట్టి బాట మీద మరొకచోట ఉంటుంది, వాన పడితే ఇంకొకచోటికి జరుగుతుంది. కంట్రోలర్ మీద చూపుడువేలితో నొక్కే మీట అయిన ట్రిగ్గరు (ఎడమది బ్రేకు, కుడిది యాక్సిలరేటర్) కదలికా చూస్తే బహు కొద్ది.

ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌లో పిడులలోని రెండు మోటార్లు కాక, ఒక్కొక్క ట్రిగ్గరులోనూ విడిగా ఒక చిన్న మోటారు ఉంటుంది. చక్రాలు బిగుసుకుంటే ఎడమ ట్రిగ్గరు అదురుతుంది, యాక్సిలరేటర్ ఎక్కువై వెనుక చక్రాలు ఊరికే తిరిగితే కుడి ట్రిగ్గరు అదురుతుంది. ఇది మంచి ఏర్పాటు. మూడేళ్లపాటు నా వేలికి బ్రేకు పాఠం నేర్పింది అదే. అయితే ఆ అదురు హద్దు దగ్గర, లేదా హద్దు దాటాక వచ్చే హెచ్చరిక. అంతవరకు ట్రిగ్గరులోని స్ప్రింగు మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా ఉండటం వల్ల, సగం నొక్కామో ముప్పాతిక నొక్కామో అలవాటు మీద ఆధారపడి ఊహించుకోవలసిందే.

ప్లేస్టేషన్ 5 డ్యూయల్‌సెన్స్ కంట్రోలర్‌లోని ట్రిగ్గర్లు తమ బిగువును తామే మార్చుకోగలవు. బ్రేకు మీద వేలు వేసినప్పుడు నిజమైన పెడల్ మాదిరిగా అది ఎదురు నిలుస్తుంది. ఆ ప్రతిఘటన మీద వేలు ఆనించి ఉంచగలగడం వల్ల, మలుపులోకి దిగుతూ బ్రేకును కొద్దికొద్దిగా వదలడం నాకు ఎన్నడూ లేనంత సులువుగా కుదిరింది. అడుగున నేల మారినప్పుడు, తారు విడిచి కంకర మీదికి దిగినప్పుడు, అరచేతులలో తెలిసే స్పర్శ కూడా మరింత వివరంగా ఉంది. పాత తరహా తిరుగుడు మోటార్లకు బదులు ఇందులో వాడిన యాక్చువేటర్లు (కంపనాలు పుట్టించే పరికరాలు) చిన్న చిన్న కంపనాలను కూడా వేరువేరుగా పలికించగలవు. బిగువు ఎక్కువై వేలు నొప్పి పెడితే కన్సోల్ సెట్టింగులలో తగ్గించుకోవచ్చు; నేను మధ్యస్థంగా పెట్టుకున్నాను.

ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ పక్షాన కూడా రెండు మాటలు చెప్పాలి. కారును తిప్పే దాని ఎడమ స్టిక్ పైభాగంలో, బొటనవేలు సహజంగా ఆనే చోట ఉండటం వల్ల గంటల తరబడి స్టీరింగ్ తిప్పినా అలసట తక్కువ. డ్యూయల్‌సెన్స్ చార్జు కూడా త్వరగా అయిపోతుంది.

బ్రేకు సంగతి ఎంత తేటగా ఉన్నా, ఇప్పటికే ఎక్స్‌బాక్స్ మీద వందల గంటలు ఆడినవారికి నేను మారమని చెప్పను. ప్లేస్టేషన్ కూర్పుకు మైక్రోసాఫ్ట్ ఖాతా తప్పనిసరి, రెండు వైపుల ఆటగాళ్లు కలిసి పందేలలో పాల్గొనవచ్చు కూడా. కానీ ఆటలో సాధించినదంతా నిలిపి ఉంచే సేవ్ ఫైలు మాత్రం ఇటునుంచి అటు రాదు. గ్యారేజీలో పోగుచేసుకున్న కార్లు, వారం వారం ఫెస్టివల్ ప్లేలిస్టు అనే పోటీల వరుసలో కష్టపడి గెలుచుకున్న అరుదైన వాహనాలు అన్నీ అక్కడే ఉండిపోతాయి. నా ఖాళీ గ్యారేజీని మొదటిసారి చూసినప్పుడు నిజంగానే బాధ కలిగింది.

ఖర్చు లెక్కలో ఎక్స్‌బాక్స్ వారి చందా సేవ గేమ్ పాస్ ఉన్నవారిది పైచేయి, ఎందుకంటే విడుదలైన తొలిరోజు నుంచే ఈ ఆట అందులో ఉంది. ప్లేస్టేషన్‌లో విడిగా కొనవలసిందే. కానీ కార్ల కంపెనీలతో కుదుర్చుకున్న లైసెన్సుల గడువు తీరడంతో ఈ వరుసలోని నాలుగో ఆటను 2024 డిసెంబరు 15న అమ్మకం నుంచి తొలగించారు. కొన్నవారు దాన్ని ఇప్పటికీ ఆడుకోగలరు, చందా మీదే ఆధారపడినవారికి ఆ అవకాశం పోయింది. అందుచేత ఆట నచ్చినవారు ఎక్స్‌బాక్స్ మీదైనా కొని ఉంచుకోవడం మంచిదని నా అభిప్రాయం.

స్టీరింగ్ వీల్ ఉన్నవారు మాత్రం కన్సోల్‌ను కాదు, వీల్‌నే ముందు చూసుకోవాలి. లాజిటెక్ జి29 ప్లేస్టేషన్‌కు పనిచేస్తుంది, ఎక్స్‌బాక్స్‌కు పనిచేయదు. జి920 దానికి సరిగ్గా విరుద్ధం. జి923 కూడా రెండు వేరువేరు రకాలుగా అమ్ముడవుతుంది, పెట్టె మీద ఏ కన్సోల్ పేరుందో చూసి కొనాలి. పెడల్ మీద కాలు పెట్టి ఆడేవారికి నేను పైన ట్రిగ్గర్ల గురించి చెప్పినదేదీ వర్తించదు.

పాత ఎక్స్‌బాక్స్ వన్‌లో 30 ఫ్రేములే కనుక, వేరే దారి లేకపోతే తప్ప వద్దు. ప్లేస్టేషన్ 5 ప్రోలో కార్ల మీది ప్రతిబింబాలు ఇంకాస్త బాగుంటాయి; ఈ ఒక్క ఆట కోసం దానిని కొనవలసిన పని లేదు.

ఈ ఆటలోకి కొత్తగా అడుగుపెడుతూ కంట్రోలర్‌తోనే ఆడదలచినవారికి నేను ప్లేస్టేషన్ 5నే సూచిస్తాను. ఇంట్లో సిరీస్ ఎస్ ఉన్నవారు డబ్బు ఖర్చు పెట్టే ముందు పెర్ఫార్మెన్స్ మోడ్ పెట్టి, ఏబీఎస్ తీసేసి ఒక వారం ఆడి చూడండి. ఎడమ ట్రిగ్గరు అదురు మీకు చాలినంత చెబుతోందనిపిస్తే మీకు మరో కన్సోల్ అక్కరలేదు.