సముద్రం వైపు లైట్లు ఆర్పుతారా?

బీచ్ దగ్గర గది తీసుకునేటప్పుడు అందరం అడిగేది ఒకటే, సముద్రం కనిపిస్తుందా అని. ఈసారి నేను ఫోన్ చేసిన ప్రతి చోటా ఇంకోటి కూడా అడిగాను: "రాత్రిపూట సముద్రం వైపు లైట్లు ఆర్పుతారా?" నలుగురిని అడిగితే ముగ్గురికి నేనేం అడుగుతున్నానో అర్థం కాలేదు. హైదరాబాద్ నుంచి పిల్లల్ని తీసుకుని తాబేళ్లు చూడటానికి వెళ్లాలనుకునేవాళ్లు గది అద్దె కన్నా ముందు ఇది కనుక్కోవాలని నా అభిప్రాయం. ఎందుకో కింద రాస్తున్నాను.

మేము రెండుసార్లు వెళ్లాం. నిరుడు ఫిబ్రవరిలో విశాఖపట్నం, ఈ ఏడాది మార్చి చివర్లో బాపట్ల దగ్గర సూర్యలంక.

విశాఖకు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లాం. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి దిగొచ్చు. వందేభారత్ త్వరగా చేరుస్తుంది కానీ పగలంతా రైల్లోనే గడిచిపోతుంది. పిల్లలుంటే రాత్రి రైలే నయం. బీచ్ రోడ్డులో హోటల్ శుభ్రంగా ఉంది, టిఫిన్ బాగుంది, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గరే. సెలవులకైతే ఏ వంకా పెట్టను. తాబేలు పిల్లలు సముద్రంలోకి వెళ్లడం చూడాలంటే మాత్రం ఫిబ్రవరి సరైన నెల కాదు. జనవరి నుంచి మార్చి దాకా తల్లులు రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఒక్కో గూడులో వంద, నూట ఇరవై దాకా గుడ్లు పెట్టిపోతాయి. అవి పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. జోడుగుళ్లపాలెంలో అటవీ శాఖ హేచరీకి, అంటే ఒడ్డున దొరికిన గుడ్లను తెచ్చి పిల్లలయ్యేదాకా కాపాడే చోటికి వెళ్తే కంచె, ఇసుకలో పాతిన చీటీలు చూసి వచ్చాం, అంతే.

మర్నాడు పొద్దున నగరం దాటి ఉత్తరం వైపు ఒడ్డు వెంట నడిచాం. కిలోమీటరు లోపల మూడు చచ్చిన తాబేళ్లు. మొదటిదాన్ని దూరం నుంచి చూసి మా పాప రాయి అనుకుంది. ఒంటి మీద గాయం లేదు, మెడ ఉబ్బింది, కళ్లు బయటికి పొడుచుకొచ్చాయి. పక్కనే వల బాగుచేసుకుంటున్న ఒకాయన, "ఊపిరాడక పోయిందమ్మా" అన్నాడు. నీళ్లలో బతికేదానికి ఊపిరాడకపోవడం ఏమిటని పాప అడిగింది. తాబేలుకు చేపలా మొప్పలుండవు, గాలి కోసం పైకి రావాలి. మరబోటు ట్రాల్ వలను గంటల తరబడి అడుగున ఈడుస్తుంటే లోపల చిక్కినది పైకి రాలేదు. మూడేళ్లకో ఐదేళ్లకో కాదు, పదేళ్లు దాటాక గానీ గుడ్లు పెట్టే వయసు రాని జీవి అది. పుట్టిన వెయ్యి పిల్లల్లో ఒకటి ఆ వయసు దాకా మిగిలితే గొప్ప. అలా మిగిలినవి మూడు నా కాళ్ల ముందు పడి ఉన్నాయి. ఆ రోజు ఇంకేం చూడాలనిపించలేదు.

ఈ ఏడాది బాపట్ల అటవీ శాఖ ఆఫీసుకు ముందే ఫోన్ చేశాను. "పిల్లలు ఏ రోజు బయటికొస్తాయో చెప్పలేం, రెండు మూడు రోజులు ఉండేలా రండి" అన్నారు. ఆ సలహా బంగారం. రాత్రి రైలెక్కి బాపట్లలో దిగి, ఆటో మాట్లాడుకుంటే తొమ్మిది కిలోమీటర్లు. తెల్లవారుజామున ఆటోలు తక్కువ, 300 అడిగాడు, ఇచ్చాం.

మొదటి రాత్రి ఒక ప్రైవేట్ రిసార్ట్‌లో ఉన్నాం. ఏసీ, మెత్తని పరుపు, చేపల పులుసు, దేనికీ లోటు లేదు. కానీ ఇసుక మీదికి నాలుగు ఫ్లడ్‌లైట్లు. ఫోన్‌లో "ఆర్పేస్తాం మేడం" అన్నవాళ్లే, రాత్రి పదకొండింటికి వెళ్లి అడిగితే గెస్టులు భయపడతారని ఆర్పలేదు. తెల్లవారుజామున మావారు నడకకు వెళ్లి, రిసార్ట్ గోడ పక్కన ఎండిన గడ్డిలో ఒక తాబేలు పిల్ల కనిపిస్తే నన్ను లేపారు. అగ్గిపెట్టె కన్నా చిన్నది, నల్లగా, ఒంటి నిండా ఇసుకతో. హేచరీకి చేరని గూడు ఏదో ఆ దగ్గర్లోనే ఉండి ఉంటుంది. కాళ్లు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. సముద్రం దానికి వెనక వైపు ఉంది.

హేచరీలో కాపలా ఉండే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన జాలరి. తడి ఇసుక పోసిన బుట్టలో దాన్ని పెట్టాడు. పాప, "దారి ఎట్ల తెలుస్తది తాతా వీటికి?" అంది. "రాత్రిపూట సముద్రం మీదే కాస్త వెలుగుంటది తల్లీ, దాన్ని పట్టుకుని పోతాయి. ఇప్పుడేమో రోడ్డు మీద, హోటళ్ల మీద అంతకన్నా ఎక్కువ వెలుగు. అదే సముద్రమనుకుని ఎనక్కి నడుస్తాయి. తెల్లారితే కాకులు, కుక్కలు." వలలో తాబేలు పడితే తన తండ్రి కూర్మావతారమని దండం పెట్టి పసుపు కుంకుమలతో వదిలేసేవాడని, మరబోట్లలో కూలికెళ్లే కుర్రాళ్లకు వల విప్పి చూసే తీరిక ఉండదని చెప్పాడు. ఎవరి మీదా కోపం లేకుండా చెప్పాడు.

ఆ పొద్దునే గది ఖాళీ చేసి, ఊళ్లో ఒకరి ఇంటి మేడ మీద రెండు గదులుంటే మారాం. ఏసీ లేదు, వేడినీళ్లు బకెట్‌తో ఇస్తారు, దోమలున్నాయి. ఇంటావిడ ఎనిమిదింటికే లైట్లన్నీ తీసేస్తుంది. రిసార్ట్‌లో సగానికన్నా తక్కువ అద్దె. నా లెక్కలో సూర్యలంకలో మంచి బస అదే.

మూడో రోజు పొద్దున ఐదున్నరకు కబురొచ్చింది. ముందు రాత్రి రెండు గూళ్లు పొదిగాయి. ఒక్కో గూటి మీద బుట్ట బోర్లించి, తేదీ, గుడ్ల సంఖ్య రాసిన చీటీ పెడతారు. పైన నీడ కోసం వల కట్టారు. ఇసుక మరీ వేడెక్కితే పుట్టేవన్నీ ఆడపిల్లలేనట, ఇంకా వేడైతే గుడ్లే చెడిపోతాయి. పిల్లల్ని నీళ్లలో వదలరు. అలకు పది పదిహేను అడుగుల ఇవతల ఇసుక మీద పెడతారు, అక్కడి నుంచి అవే నడవాలి. ఇరవై మందిమి ఉన్నాం. ఫ్లాష్ వద్దు, తాకొద్దు, తాడు దాటొద్దు అని ముందే చెప్పారు, గట్టిగా పాటింపజేశారు. మొదటి అల కొన్నింటిని వెనక్కి తోసేసింది. వెల్లకిలా పడ్డ ఒకటి కాళ్లు కొట్టుకుంటుంటే పాప నా చేయి గట్టిగా పట్టుకుంది. రెండో అల వచ్చి దాన్ని తిప్పి తీసుకెళ్లింది. అరగంటలో ఒడ్డు మీద చిన్న చిన్న గీతలు తప్ప ఏం మిగల్లేదు. టికెట్ లేదు, ఎవరూ డబ్బు అడగలేదు.

లోట్లు కూడా చెప్పాలి. హేచరీ దగ్గర ఆడవాళ్లకు టాయిలెట్ లేదు. తెలుగులో ఒక్క బోర్డూ కనిపించలేదు, ఆ పెద్దాయన లేకపోతే మాకేమీ తెలిసేది కాదు. ఒడ్డున వేపుళ్ల బండ్లు బాగున్నాయి గానీ ప్లాస్టిక్ ప్లేట్లన్నీ ఇసుకలోనే. స్నానాలకు దిగేవాళ్లు మన హైదరాబాద్ ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరికలు చూసుకుని దిగండి, అక్కడ లోతు ఒక్కసారిగా మారుతుంది. ఒడిశాలో రుషికుల్య దగ్గర లక్షల తాబేళ్లు ఒకేసారి వచ్చే దృశ్యం ఇక్కడ ఆశించొద్దు. మన తీరంలో ఒకటీ అరా వచ్చి పెట్టిపోతాయి. అందుకే ఒక్కో గూడూ లెక్కే.

తిరుగు రైల్లో నన్ను వదలనిది తేదీల సంగతి. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. తల్లులు ఒడ్డుకొచ్చేదేమో జనవరి నుంచి మార్చి. అంటే అవి తీరం దగ్గర తిరిగే నెలల్లోనే వలలు జోరుగా నడుస్తాయి. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేటాడకూడదన్న నిబంధన ఉంది. వలలో ఇనప కడ్డీల జాలీ, దాని దగ్గర ఒక కంత పెడితే రొయ్యలు సందుల్లోంచి వెనక సంచిలోకి పోతాయి, తాబేలు కంతలోంచి బయటపడుతుంది. ఇలాంటి జాలీలు మన బోట్లలో సరిగ్గా వాడటం లేదనే 2019 నుంచి అమెరికా మన సముద్రపు రొయ్యలు కొనడం ఆపేసింది. చెరువు రొయ్యలు మాత్రం కొంటోంది.

వచ్చిన ఆదివారం రాంనగర్ చేపల మార్కెట్‌కు వెళ్లాం. రొయ్యల బుట్ట ముందు నిలబడి పాపే అడిగింది, "అన్నా, ఇవి చెరువువా, సముద్రంవా?" అతను నవ్వి, "సముద్రంవే పాపా, రుచి మస్తుంటది" అన్నాడు. చెరువుల సాగుకు దాని కష్టనష్టాలు దానికున్నాయి, నాకు తెలుసు. పక్క బుట్టలోంచి చెరువు రొయ్యలు అరకిలో తీసుకున్నాం.