ఎరేజర్‌హెడ్స్ కోసం మనీలా వెళ్తే ఎక్కడ దిగాలి, ఏం చూడాలి

ఎరేజర్‌హెడ్స్ అంటే ఫిలిప్పీన్స్‌కి చెందిన నలుగురి రాక్ బృందం, మనీలా ఆ దేశ రాజధాని. ముందే చెప్పేస్తున్నా. మనీలాలో ఎరేజర్‌హెడ్స్ పేరు చెప్పి టికెట్ తీసుకుని చూసొచ్చే చోటంటూ మాకేదీ తగల్లేదు. ఉన్నవల్లా ఒక యూనివర్సిటీ, ఒక పాత బజారు, కొన్ని వీధులు. పాటలు తెలిసినవాళ్లు పక్కనుంటే వీటికి నాలుగు రోజులైనా చాలవు. లేకపోతే ఒక పూట ఎక్కువే.

నా పక్కన ఆతె ఉంది కాబట్టి సరిపోయింది. ఆతె అంటే వాళ్ల తగలాగ్ భాషలో అక్క. దుబాయ్‌లో ఇద్దరం ఒకే ఆసుపత్రిలో నర్సులం. నైట్ డ్యూటీలో సెలైన్ మారుస్తూ కూడా ఆ పాటలే కూనిరాగం తీసే మనిషి. 1993లో వాళ్ల మొదటి ఆల్బమ్ వచ్చేసరికి ఆవిడ ఫిలిప్పీన్స్‌లోనే నువేవా ఎసిహా అనే రాష్ట్రంలో హైస్కూల్ పిల్ల. 2002లో గాయకుడు ఈలీ బ్వెండియా బృందం నుంచి బయటికి వెళ్లిపోయాడన్న వార్త విని అన్నం మానేసిందట. తర్వాత 2008 ఆగస్టులో, 2009 మార్చిలో, 2022 డిసెంబర్ 22న నలుగురూ మళ్లీ స్టేజీ ఎక్కారు. ఆ మూడుసార్లూ ఆతె డ్యూటీలోనే ఉంది. "నర్సు ఉద్యోగానికీ కచేరీకీ జాతకాలు కుదరవు" అంటుంది.

వీసా గొడవ పెద్దగా లేదు. 2025 జూన్ నుంచి మన పాస్‌పోర్టుకి 14 రోజులు వీసా లేకుండా ఉండనిస్తున్నారు. తిరుగు టికెట్టూ, బస కాగితాలూ చేతిలో ఉండాలి. ఈ-ట్రావెల్ అనే ఆన్‌లైన్ ప్రయాణ నమోదు బయల్దేరే ముందే చేసేసుకోండి. విమానాశ్రయం బయట ఒక టాక్సీ అతను మీటర్ ఊసెత్తకుండా గుండుగుత్తగా ఒక రేటు చెప్పాడు. ఆతె తగలాగ్‌లో రెండు ముక్కలు అనేసరికి వేరే బేరం వెతుక్కున్నాడు. యాప్‌లో గ్రాబ్ కారు పిలుచుకోవడమే మేలు. స్కైవే అనే ఎత్తైన రహదారి టోల్ మాత్రం విడిగా పడుతుంది.

చాలామంది మకాటీ, బీజీసీ లాంటి ఆఫీసుల పేటల్లో దిగుతారు. అక్కడ హోటళ్లు బాగుంటాయి, కాదనను. కానీ ఈ పని మీద వెళ్తే యూనివర్సిటీ ఉన్న కెజోన్ సిటీలోనే ఉండాలి, లేకపోతే రోజులో సగం ఎడ్సా రోడ్డు ట్రాఫిక్‌లోనే గడిచిపోతుంది. మేం కటిపునాన్ దగ్గర ఒక కాండో, అంటే అపార్ట్‌మెంట్ గది, అద్దెకి తీసుకున్నాం. ఎల్‌ఆర్‌టీ-2 రైలు స్టేషన్ నడిచి వెళ్లేంత దూరం, కింద కాపలా మనుషులు మర్యాదస్తులు, గది శుభ్రం. ఫొటోలో చూపించిన కిటికీ ఉంది గానీ తెరిస్తే పక్క భవనం గోడ. పొద్దున్నే షవర్‌లో నీళ్లు సన్నటి ధార. కట్టిన డిపాజిట్ వెనక్కి రాబట్టడానికి ఆతె మెసేజ్‌ల మీద మెసేజ్‌లు పెట్టాల్సొచ్చింది. రాత్రి వెనక సందులో ఎవరింట్లోనో వీడియోకే, అంటే టీవీలో పదాలు చూస్తూ మైకులో పాడే కరావోకే. నాకు నిద్ర పట్టలేదు. ఆతె మాత్రం కిటికీ ఇంకాస్త తెరిచి, "ఈ పాట శ్రుతి తప్పి పాడినా బాగుంటుంది" అని తేల్చేసింది.

యూపీ డిలీమాన్‌కి, అంటే యూనివర్సిటీ ఆఫ్ ది ఫిలిప్పీన్స్ క్యాంపస్‌కి, ఒక రోజు పూర్తిగా ఇవ్వండి. 1989లో ఈ నలుగురూ - ఈలీ, రేమండ్ మరాసిగన్, బడ్డీ జబాలా, మార్కస్ అదోరో - బృందంగా కట్టింది ఇక్కడే. ఓవల్ రోడ్డు చుట్టూ పెద్ద పెద్ద అకేషియా చెట్లు, మొదట్లోనే చేతులు చాచిన ఒబ్లేషన్ విగ్రహం. ఇకోట్ అనే జీప్నీ (మన షేర్ ఆటోలా అందరూ ఎక్కే పొడుగాటి జీపు) ఎక్కితే క్యాంపస్ అంతా చుట్టి చూపిస్తుంది. కండక్టర్ ఉండడు. వెనక కూర్చున్నవాళ్లు "బయాద్ పో" (డబ్బులండీ) అని నాణేలు ముందువాళ్ల చేతిలో పెడితే, అవి చేతులు మారుకుంటూ డ్రైవర్‌కి చేరతాయి, చిల్లర అదే దారిన వెనక్కొస్తుంది. నా వేళ్ల మీదుగా ఎందరి డబ్బులు వెళ్లాయో! ఒక్క పెసో తేడా రాలేదు.

కళయాన్ హాల్ దగ్గర దిగాం. కొత్తగా చేరిన పిల్లలుండే హాస్టల్ అది. 1994 నాటి 'సర్కస్' ఆల్బమ్‌లో 'మిన్సాన్' పాట ఈ హాస్టల్ స్నేహాల గురించే. బయటివాళ్లని లోపలికి పంపరు, పంపకపోవడమే న్యాయం. ఆతె గేటు బయట నిలబడి తీగల మీద ఆరేసిన తువ్వాళ్లని చూస్తూ అప్పుడు చెప్పింది, తను యూపీ ప్రవేశ పరీక్ష రాసి తప్పిందని. ఇన్నేళ్లలో నాకెప్పుడూ చెప్పలేదు. "లోపల ఎలా ఉంటుందో నాకు ఆ క్యాసెట్టే చెప్పింది" అంది. నాకేమనాలో తోచక ఇసావ్ తిందామన్నాను. కోడిపేగులు పుల్లకి గుచ్చి బొగ్గుల మీద కాల్చి, వెనిగర్‌లో ముంచి ఇస్తారు. మన నాటుకోడి లివర్ వేపుడు తినేవాళ్లకి ఇబ్బందేం ఉండదు. పొద్దుట టిఫిన్‌కి వెల్లుల్లి అన్నం, గుడ్డు, వేయించిన బంగుస్ చేప అడగండి. తాప్సిలోగ్ అనే టిఫిన్‌లో ఉండేది గొడ్డుమాంసం, తిననివాళ్లు చూసుకోవాలి. శాకాహారులకి మాత్రం కష్టమే.

కుబావ్ ఎక్స్‌పోకి కటిపునాన్ నుంచి రెండో స్టేషన్లో దిగాలి. ఒకప్పటి చెప్పుల బజారు. ఇప్పుడు పాత సామాన్లు, ఎల్పీ రికార్డులు, చిన్న బార్లు. పొద్దున్నే వెళ్తే షట్టర్లు చూసి రావడమే, సాయంత్రం వెళ్లండి. ఒక కొట్టతను ఎరేజర్‌హెడ్స్ ఆల్బమ్ 'కటర్‌పిల్లో' క్యాసెట్‌ని డెక్కులో పెట్టి రెండు వైపులా వినిపించాకే ధర చెప్పాడు. ధర ఎక్కువే, పైగా లోపల పాటల కాగితం లేదు. ఆతె బేరం చేసి, వదిలేసి, సందు చివరిదాకా వెళ్లి, వెనక్కొచ్చి కొంది.

2022 కచేరీ జరిగిన పరన్యాకె మైదానానికి వెళ్లడం దండగ. ఉత్త ఖాళీ నేల, గ్రాబ్ డబ్బులు పోయాయి. ఆ కచేరీ కథ మటుకు వినదగ్గది. మళ్లీ ఎప్పుడు కలుస్తారని 2021లో ఒక అభిమాని అడిగితే, అప్పటి ఉపాధ్యక్షురాలు లెనీ రొబ్రెడో అధ్యక్ష ఎన్నికల్లో నిలబడితే చూద్దామన్నట్టు ఈలీ సమాధానమిచ్చాడు. ఆవిడ 2022లో నిలబడింది, ఓడిపోయింది. ఆ ఏడాది చివర వీళ్లు పాడారు.

ఎర్మిటాకి వెళ్లడం నా పట్టు. 'అంగ్ హులింగ్ ఎల్ బింబో'లో చిన్నప్పుడు డాన్సు నేర్పిన పిల్ల చివరికి అంట్లు తోముకుంటూ బతికింది ఈ పేటలోనే. ఆ పాట వీడియోకి 1997లో ఎంటీవీ అవార్డు వచ్చింది. వీధులు ఇరుకు, రాత్రిళ్లు ఒంటరిగా తిరగమని చెప్పలేను. పగలు తిరిగి, చీకటి పడకముందే రైలెక్కేయండి.

ఎండాకాలం కంటే ఫిబ్రవరి నయం. వాన ఉండదు, యూపీలో సన్‌కెన్ గార్డెన్ మైదానంలో యూపీ ఫెయిర్ అనే పాటల ఉత్సవం కూడా అప్పుడే జరుగుతుంది. డిసెంబర్‌లో క్రిస్మస్ రద్దీకి జీప్నీలు కదలవు, ఆ నెల మాత్రం వద్దు.