జర్మనీలో పాలు లేని వంటిల్లు: ఓట్స్, సోయా, బాదం, కొబ్బరి ఏళ్ళ తరబడి వాడి చూశాక

పాలకి బదులు ఏం కొనాలని అడిగితే ఇక్కడి తెలుగువాళ్ళు చెప్పే మాట ఒకటే: ఓట్స్ పాలు తెచ్చుకోండి. కాఫీ వరకూ ఆ మాట నిజమే. కానీ రోజూ చివర్లో పెరుగన్నం కలుపుకునే ఇంటికి అసలు పనికొచ్చేది సోయా. వాసన బాగోదని అందరూ పక్కన పెట్టే ఆ డబ్బానే మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ ఖర్చవుతోంది.

ముందు మా సంగతి చెప్పాలి. మేం ఉండేది మ్యూనిక్‌లో. మా పాపకి ఆవుపాల ప్రొటీన్ పడదని పిల్లల డాక్టరు తేల్చి చెప్పారు. ఇది లాక్టోస్ (పాలలోని చక్కెర) పడకపోవడం కాదు. ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది ‘లాక్టోస్‌ఫ్రై’ (లాక్టోస్ లేనిది) అని రాసిన డబ్బా తెచ్చుకుంటారు. అందులో ఉన్నవి అచ్చంగా ఆవుపాలే, పాలలోని చక్కెరని ఎంజైముతో విడగొట్టి అమ్ముతారు, అంతే. ప్రొటీన్ అలాగే ఉంటుంది కాబట్టి అలర్జీ ఉన్నవాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు. అలా కాకుండా పాలు తాగితే కడుపు ఉబ్బరం, గడబిడ, అంతవరకే మీ ఇబ్బంది అయితే ఈ సమీక్ష మొత్తం చదవక్కర్లేదు. ఆ లాక్టోస్ లేని పాలే తెచ్చుకోండి. టీ కాగుతుంది, పెరుగు తోడుకుంటుంది, కాస్త తియ్యగా ఉంటుందంతే. కిందిదంతా పాలు పూర్తిగా మానాల్సినవాళ్ళ కోసం.

కొట్టులో వెతికేటప్పుడు ఒక చిక్కుంది. యూరప్ చట్టం ప్రకారం పశువుల పాలని మాత్రమే పాలు అని అమ్మాలి. 2017లో యూరప్ న్యాయస్థానం కూడా అదే ఖాయం చేసింది. అందుకే డబ్బాల మీద ‘హాఫర్‌డ్రింక్’ (ఓట్స్), ‘సోయాడ్రింక్’, ‘మాండెల్‌డ్రింక్’ (బాదం) అని ఉంటుంది. కొబ్బరిపాలకి మినహాయింపు ఉంది కాబట్టి అది ‘కోకోస్‌మిల్ష్’గానే దొరుకుతుంది. ఇవన్నీ ఎక్కువగా ఫ్రిజ్‌లో కాకుండా, నిలవ ఉండే పాల అర పక్కన ఉంటాయి. సూపర్‌మార్కెట్టే అక్కర్లేదు, సబ్బులూ షాంపూలూ అమ్మే డీఎమ్, రోస్‌మన్ కొట్లలో కూడా వాళ్ళ సొంత బ్రాండ్లు చవగ్గా దొరుకుతాయి. సొంత బ్రాండు లీటరు ఒక యూరో చుట్టుపక్కల, పేరున్న కంపెనీ బరిస్టా రకమైతే (కాఫీ కోసం ప్రత్యేకంగా చేసినది) దానికి రెట్టింపు. మామూలు పాల మీద పన్ను 7 శాతం, వీటి మీద 19 శాతం. బలవంతాన పాలు మానినవాళ్ళకి ఇదొక వడ్డింపు. 2023 అక్టోబరులో లిడ్ల్ సూపర్‌మార్కెట్ తన వీగన్ (జంతు పదార్థాలు లేని) బ్రాండులో దాదాపు అన్నిటి ధరల్ని మాంసం, పాల ఉత్పత్తుల ధరలతో సమానం చేశాక కొంత ఊరట.

ఇక ఓట్స్. ఓట్లీ అనే స్వీడన్ కంపెనీ పేరు అందరికీ తెలిసిందే. మేం వాడేది వాళ్ళ బరిస్టా డబ్బా, అదీ కాఫీకే. ఫిల్టర్ డికాక్షన్‌లో పోస్తే విరగదు, నురగ వస్తుంది, రంగు కూడా మన కాఫీ రంగుకి దగ్గరగా ఉంటుంది. అందులో ఆవనూనె జాతికి చెందిన రేప్‌సీడ్ నూనె ఉంటుంది, చిక్కదనం దాని పుణ్యమే. పులుపుకి విరగకుండా ఆపేది అందులో వేసే ఫాస్ఫేట్. ఈ రెండూ లేని మామూలు ఓట్స్ డ్రింక్ కాఫీలో పోస్తే బూడిదరంగు నీళ్ళలా తయారవుతుంది. చక్కెర కలపలేదని రాసి ఉన్నా 100 మిల్లీలీటర్లకి మూడు నాలుగు గ్రాముల చక్కెర కనిపిస్తుంది. తయారీలో ఎంజైములు ఓట్స్ పిండిపదార్థాన్ని తీపిగా మార్చేస్తాయి మరి. అందుకని కాఫీలో చక్కెర సగం తగ్గించుకోవచ్చు.

ఓట్స్‌ని మరిగించకూడదు. మన టీ అంటే పాలు పొంగి, దించి, మళ్ళీ పొంగాలి కదా. ఓట్స్‌తో ఆ పని చేస్తే గంజిలా చిక్కబడి జిగురొస్తుంది. నీళ్ళలోనే అల్లం, యాలకులు, టీపొడి బాగా మరగనిచ్చి, చిక్కటి డికాక్షన్ తీసి, పొయ్యి ఆర్పేశాక వేడి చేసిన ఓట్స్ కలపాలి. అల్లం మొదటే నీళ్ళలో ఉడకాలి. పచ్చి అల్లంలో ప్రొటీన్‌ని విరగ్గొట్టే ఎంజైము ఉంటుంది, ఉడికితే అది చచ్చిపోతుంది. సోయాతో టీ పెట్టేవాళ్ళకి ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. చల్లటి సోయాని మరిగే డికాక్షన్‌లో గుమ్మరించారంటే ముక్కలు ముక్కలే.

పాయసానికి, పులుసుకి, పెరుగుకి ఓట్స్ దండగ. పైగా ప్రొటీన్ 100 మిల్లీలీటర్లకి ఒక గ్రాము చుట్టూనే. ఆవుపాలలో 3.4 దాకా ఉంటుంది. ఎదిగే పిల్లలకి గ్లాసుతో పాలిచ్చే అలవాటు ఉన్న ఇళ్ళు ఈ లెక్క చూసుకోవాలి. బాదంలో అర గ్రాము, బియ్యం డ్రింకులో ఇంకా తక్కువ. సోయా ఒక్కటే మూడు, మూడున్నర గ్రాములతో పాల పక్కన నిలబడుతుంది. బఠాణీ ప్రొటీన్‌తో చేసినవీ ఉన్నాయి, నురగ బాగానే వస్తుంది, రుచి మాత్రం మా ఇంట్లో ఎవరికీ ఎక్కలేదు. బియ్యం డ్రింకు చిన్నపిల్లలకి వద్దు, ఆర్సెనిక్ కారణంగా బ్రిటన్ ఆరోగ్యశాఖ అయిదేళ్ళ లోపు పిల్లలకి ఇవ్వొద్దని చెబుతుంది. ఏడాది నిండని పసిపిల్లలకి అసలు ఇవేవీ పాలకి బదులు కావు, వాళ్ళకి డాక్టరు రాసే ఫార్ములా వేరే ఉంటుంది.

కాల్షియం సంగతిలో ఆర్గానిక్ డబ్బా దెబ్బేస్తుంది. ‘బియో’ ముద్ర చూడగానే పిల్లలకి ఇదే మంచిదని చెయ్యి అటే పోతుంది. కానీ యూరప్ నిబంధనల ప్రకారం ఆర్గానిక్ డ్రింకులకి కాల్షియం చేర్చకూడదు. కాల్షియం ఎక్కువుండే సముద్రపు నాచు కలిపితే కూడా కుదరదని 2021లో న్యాయస్థానం తేల్చేసింది. మామూలు డబ్బాల్లో చాలావాటికి 100 మిల్లీలీటర్లకి 120 మిల్లీగ్రాములు కలుపుతారు, అంటే ఆవుపాలతో సమానం. అందుకే మా పాపకి ఇచ్చేది బియో కాని సోయా. పోసే ముందు డబ్బాని గట్టిగా ఊపాలి, కలిపిన కాల్షియం అడుక్కి చేరి ఉంటుంది. పెరుగు తోడేయడానికి మాత్రం బియో కొంటాం.

ఎందుకంటే పెరుగుకి కావలసినది నీళ్ళు, సోయా గింజలు తప్ప ఇంకేమీ లేని డబ్బా. వెనక్కి తిప్పి చూస్తే పదార్థాల వరస అక్కడితో ఆగిపోవాలి. వెనిల్లా, చక్కెర, చిక్కదనానికి వేసే గమ్‌లు ఉంటే తోడు సరిగ్గా పడదు. వేలు పెడితే ఓర్చుకోగలిగేంత వేడి చేసి, చక్కెర లేని సోయా యోగర్ట్ రెండు చెంచాలు కలిపి, గిన్నె మీద మూత పెట్టి, దీపం మాత్రం వెలిగించిన ఓవెన్‌లో రాత్రంతా వదిలేస్తాను. పొద్దున్నకి గడ్డ పెరుగు. చెంచాతో తీస్తే ముక్క ముక్కలా తెగుతుంది, పక్కన పచ్చటి నీరు ఊరుతుంది. కొట్టు యోగర్టు లేనప్పుడు పచ్చిమిరపకాయ తొడిమలు వేసి కూడా తోడు పెట్టొచ్చు, ఒక్కోసారి కుదురుతుంది, ఒక్కోసారి జారుతుంది. ఆ మొదటి పెరుగు తినడానికి కాదు, మర్నాటి తోడుకి మాత్రమే.

మీగడ కట్టదు. చిలికితే వెన్న రాదు. చిక్కుడు గింజల వాసన కాస్త ఉంటుంది, అది ఎన్ని చెప్పినా ఉంటుంది. భీమవరం నుంచి మా అత్తయ్యగారు వచ్చినప్పుడు గిన్నె మూత తీసి, “ఇదేం పెరుగమ్మా, మీగడేదీ?” అన్నారు. సమాధానం చెప్పకుండా అన్నంలో కలిపి, ఆవాలు, మినప్పప్పు, అల్లం ముక్కలు, పచ్చిమిర్చి, కరివేపాకు, చివర్న చిటికెడు ఇంగువతో తాలింపు వేసి పెట్టాను. మాగాయ ముక్క నంచుకుని తిన్నారు. ఆ వీసా మూడు నెలలూ ఆవిడ వేరే పెరుగు తెమ్మని అడగలేదు. ఉత్త పెరుగన్నం మాత్రం తినలేదనుకోండి. అంటే తాలింపు పడితే సోయా వాసన లొంగుతుంది, లేకపోతే లేదు. మజ్జిగపులుసులో శనగపిండి కలుపుతాం కాబట్టి విరగదు, ఆ పులుసులో తేడా కనిపెట్టడం కష్టం. పెరుగు వడలకీ పనికొస్తుంది. ఉప్పు, నిమ్మరసం పిండి గ్లాసుతో తాగే మజ్జిగ మాత్రం నేను సిఫారసు చేయను.

బాదం డ్రింకు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. చాలా డబ్బాల్లో బాదం రెండు మూడు శాతమే, మిగతాది నీళ్ళు. బాదంపాలు అంటే మనం ఊహించుకునే చిక్కటి, కుంకుమపువ్వు రంగు పాలకీ దీనికీ పోలిక లేదు. సేమ్యా పాయసానికి దీనికంటే డబ్బా కొబ్బరిపాలు వెయ్యి రెట్లు నయం. ఏషియన్ షాపుల్లో దొరికే చిక్కటి కొబ్బరిపాలు కొనాలి, పాల అర పక్కన ఉండే పల్చటి కోకోస్‌డ్రింక్ కాదు. సేమ్యా నీళ్ళలోనే ఉడికించి, బెల్లం కరిగించి, చివర్న కొబ్బరిపాలు పోసి దించేస్తే సరి. ఆవుపాలతో బెల్లం వేస్తే ఎక్కడ విరుగుతాయోనన్న టెన్షన్ ఉంటుంది కదా, ఇక్కడ ఆ బాధే లేదు. కూరల గ్రేవీకి మాత్రం పలాస జీడిపప్పు నానబెట్టి రుబ్బుకుంటాం. ఊరి నుంచి ఎవరు వచ్చినా వాళ్ళ సూట్‌కేసులో మా వాటా అది. రుబ్బిన జీడిపప్పుని వడగట్టే పనే ఉండదు.

పాల డబ్బా మార్చినంత మాత్రాన పని అయిపోదు. పాలు దాక్కునే చోట్లు వేరే ఉన్నాయి. యూరప్‌లో ప్యాకెట్ సరుకుల మీద 14 రకాల అలర్జీ పదార్థాలని ముద్దక్షరాల్లోనో, మరో రకంగా కొట్టొచ్చినట్టో రాయాలి, కాబట్టి కంటికి దొరుకుతాయి. మిల్ష్ (పాలు), మోల్కె (పాలు విరిగాక మిగిలే నీరు), మాగర్‌మిల్ష్‌పుల్వర్ (వెన్న తీసిన పాలపొడి), బుట్టర్‌రైన్‌ఫెట్ (నెయ్యిలాంటి వెన్న కొవ్వు): ఈ నాలుగు మాటలూ ఫోన్‌లో రాసిపెట్టుకోండి. పాప్రికా చిప్స్‌లో, కొన్ని మార్జరిన్లలో, సాసేజీల్లో, మెత్తటి బన్నుల్లో ఇవి ఉండొచ్చు. బేకరీలో విడిగా అమ్మేవాటికి కూడా అలర్జీ వివరాలు చెప్పడం తప్పనిసరి, కౌంటర్ వెనక ఫోల్డరు ఉంటుంది, అడిగితే చూపిస్తారు. ఒక బేకరీలో “ఇందులో పాలు ఉండవు” అని నోటిమాటగా చెప్పిన రొట్టె ఫోల్డర్‌లో చూస్తే పాలపొడి తేలింది. అప్పటినుంచి నోటిమాటకి తల ఊపడం మానేశాను. ఇండియన్ స్టోర్ మిఠాయిల దగ్గర ఇంకా కష్టం, నెయ్యి లేనిది దొరకదు. నెయ్యి కాచినా పాల ప్రొటీన్ ఆనవాళ్ళు మిగలొచ్చు కాబట్టి పాపకి అదీ ఆపేశాం. మేం పెద్దవాళ్ళం ముద్దపప్పులో మామిడికాయ పచ్చడి కలుపుకుంటే మాత్రం నెయ్యి వేసుకుంటున్నాం, గరిటె విడిగా పెట్టి.

ఇన్నేళ్ళ వాడకంలో అరలో స్థిరపడినవి మూడే: కాఫీకి ఓట్స్ బరిస్టా, పాప గ్లాసుకీ పెరుగుకీ రెండు రకాల సోయా, పండగలకి కొబ్బరిపాలు. కుదరనిది పాలకోవా. కొబ్బరిపాలని ఎంతసేపు మరిగించినా నూనె తేలుతుందే తప్ప కోవా దగ్గరపడదు. జున్ను మాత్రం సగం దారికొచ్చింది. కొబ్బరిపాలలో బెల్లం, మిరియాల పొడి, యాలకులు వేసి, విడిగా నీళ్ళలో మరిగించి కరిగించిన చైనా గ్రాస్ కలిపి, ఫ్రిజ్‌లో గట్టిపడ్డాక ముక్కలు కోస్తే రంగు, మిరియాల ఘాటు అచ్చం అదే. నోట్లో పెట్టుకుంటే జెల్లీ అని తెలిసిపోతుంది. అసలు జున్ను రుచే ఎరగని మా పాపకి ఆ తేడా పట్టదు, పళ్ళెం ఖాళీ చేస్తుంది. మా ఆయన మాత్రం ఒక ముక్క తిని పక్కన పెట్టేస్తారు.