సర్వీసు రికార్డుల సవరణకు ఎవరికైనా డబ్బు కట్టే ముందు ఇది చదవండి: విశాఖలో మాకు జరిగిన మోసం

విశాఖపట్నం, అనకాపల్లి, విజయనగరం ప్రాంతాల మాజీ సైనికులకు, వారి భార్యాపిల్లలకు ఈ హెచ్చరిక. సర్వీసు రికార్డుల్లోని తప్పులు సరిచేయిస్తామని చెప్పుకునే ఒక ప్రైవేటు కన్సల్టెన్సీకి మేము మూడు విడతలుగా 22,500 రూపాయలు కట్టాం. పదకొండు నెలల్లో రికార్డులో ఒక్క అక్షరం మారలేదు. పైగా, సవ్యంగా వస్తున్న నాన్నగారి పింఛను రెండు నెలలు ఆగిపోయింది. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం కాబట్టి సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు ఏ పూటకైనా మార్చుకోగలరు, పనిచేసే పద్ధతి మాత్రం అదే ఉంటుంది. అందుకే ఆ పద్ధతినే వివరంగా రాస్తున్నాను.

ముందు మా సమస్య చెబుతాను. మీలో చాలామంది ఇళ్లలో ఇదే ఉంటుంది. నాన్నగారు 1967లో సైన్యంలో చేరి 1984లో హవల్దారుగా బయటికి వచ్చారు. పెళ్లి 1974లో జరిగింది. అమ్మ పేరు ‘అప్పల’తో మొదలవుతుంది. సింహాచలం అప్పన్న పేరు కలవని ఇల్లు మన ప్రాంతంలో అరుదు. ఎక్కడో ఉత్తరాదిన యూనిట్ ఆఫీసులో కూర్చున్న గుమస్తాకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? పెళ్లి వివరాలు నమోదు చేస్తూ పార్ట్ టూ ఆర్డర్ అనే సర్వీసు ఉత్తర్వు వేసినప్పుడు ముందున్న అప్పలను వదిలేసి, మిగిలిన సగం పేరే రాశాడు. పుట్టిన తేదీ గడి ఖాళీగా ఉండిపోయింది. ఆధార్‌లో, బ్యాంకు ఖాతాలో మాత్రం అమ్మ పూర్తి పేరే ఉంది. దీనికి తోడు, 1971 యుద్ధంలో పశ్చిమ సరిహద్దున పనిచేసిన నాన్నగారికి రావలసిన పశ్చిమీ స్టార్ పతకం, సైన్యం నుంచి వచ్చేటప్పుడు ఇచ్చిన ఆయన డిశ్చార్జి బుక్కులో ఎక్కనే లేదు.

నలభై ఏళ్లు ఈ తప్పులు ఎవరికీ అడ్డు రాలేదు. పింఛను నాన్నగారి పేరున వస్తోంది కదా అనుకున్నాం. మా వీధిలో ఒక మాజీ సైనికుడు పోయాక, పేరు తేడా వల్ల ఆయన భార్య ఫ్యామిలీ పెన్షన్ కోసం ఏడాదికి పైగా తిరగడం కళ్లారా చూసి భయపడ్డాం. పుట్టిన తేదీ సంగతి కూడా చిన్నది కాదు. పింఛనుదారుకైనా, ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే భార్యకైనా 80 ఏళ్లు నిండితే 20 శాతం, 85కు 30, 90కి 40, 95కు 50, వందేళ్లకు నూరు శాతం అదనపు పింఛను ఉంటుంది. పుట్టిన తేదీయే లేని మనిషికి 80 నిండాయని ఏ కాగితం చెబుతుంది?

ఆ భయంతోనే ఎన్ఏడీ కూడలి దగ్గర ఒక మేడ మీది గదికి వెళ్లాం. గోడల నిండా యూనిఫాంలో ఉన్న వారి ఫోటోలు, బల్ల మీద జాతీయ జెండా. కూర్చున్న వ్యక్తి తాను సైనికుల సర్వీసు రికార్డులు ఉండే రికార్డ్స్ ఆఫీసులో పనిచేసి వచ్చానన్నాడు. నాన్నగారిని చూడగానే లేచి నిలబడి సెల్యూట్ చేశాడు. అక్కడే మా నాన్నగారి మనసు కరిగిపోయింది. ఆయన మర్యాదను వాడుకున్నారన్న బాధ డబ్బు పోయినదాని కంటే నన్ను ఎక్కువగా పట్టి ఉంది.

మొదటి రోజే 8,000 తీసుకున్నాడు. ఒరిజినల్ డిశ్చార్జి బుక్కు, పీపీఓ (పింఛను మంజూరు ఉత్తర్వు), ఆధార్ కార్డులు తీసుకున్నాడు. దరఖాస్తు ఫారాలు ఖాళీగా ఉండగానే నాన్నగారి చేత అయిదు చోట్ల సంతకం చేయించుకున్నాడు. రక్షణ శాఖ పింఛన్ల స్పర్శ్ పోర్టల్‌లో వివరాలు సరిచూడాలని చెప్పి, నాన్నగారి ఫోనుకు వచ్చిన ఓటీపీ అడిగి తీసుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. నాకూ తట్టలేదు. తర్వాత నోటరీకి, పత్రికా ప్రకటనకు అంటూ 6,000. ఆపైన, పతకం నమోదైతే లక్షల్లో బకాయిలు వస్తాయని, అందులో 15 శాతం తనకు ఇవ్వాలని, ముందుగా 8,500 కట్టాలని అన్నాడు. 1971 నాటి స్టార్ పతకంతో పింఛను పెరగదు, బకాయిలూ రావు. అది గౌరవానికి సంబంధించినది. ఈ మాట నాన్నగారు ఆ రోజే నెమ్మదిగా అన్నారు. వినకుండా కట్టింది నేను.

రెండో నెల నుంచి ప్రతిసారీ ఒకటే జవాబు: ఫైలు పైకి వెళ్లింది, కదులుతోంది. పింఛనుదారు బతికే ఉన్నారని ఏటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రం కూడా నవంబరులో తానే పంపుతానని నాన్నగారి వేలిముద్ర పరికరం మీద వేయించుకున్నాడు. డిసెంబరు పింఛను రాలేదు. జనవరిదీ రాలేదు. వాకబు చేస్తే ఆ పత్రం అసలు దాఖలే కాలేదని తెలిసింది. గుర్తు చేసే సందేశాలు నాన్నగారి ఫోనుకు ఎందుకు రాలేదంటే, స్పర్శ్‌లో ఆయన నంబరు తీసేసి తన నంబరు పెట్టుకున్నాడు. ఆ రోజు అడిగిన ఓటీపీ అందుకే.

అప్పుడు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లాం. మొదటే వెళ్లవలసిన చోటికి చివర వెళ్లాం. అక్కడి ఉద్యోగి మొత్తం విని, రికార్డ్స్ ఆఫీసుకు సమాచార హక్కు చట్టం కింద రాయమన్నారు. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి, మా దరఖాస్తు ఎప్పుడు అందింది, దాని మీద ఏం చర్య తీసుకున్నారు, మాకు ఏమైనా జవాబు పంపారా అని మూడు ప్రశ్నలు అడిగాం. చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. ఆ లోపే జవాబు వచ్చింది.

మా దరఖాస్తు నెలల కిందటే అభ్యంతరాలతో తిరుగుటపాలో వచ్చేసిందట. పత్రికా ప్రకటనలో నాన్నగారి సర్వీసు నంబరులో రెండు అంకెలు తారుమారయ్యాయి. నోటరీ చేయించిన ప్రమాణ పత్రం (అఫిడవిట్)లో అమ్మ పేరు ఆధార్‌తో సరిపోలేదు. ఒక ఫారం మీది సంతకం రికార్డులోని సంతకంలా లేదు. ఇవన్నీ వారం రోజుల్లో సరిదిద్దగల లోపాలే. కానీ ఆ లేఖ మాకు చేరలేదు. దరఖాస్తులో చిరునామాగా మా ఇంటిది కాక తన ఆఫీసుది రాసుకున్నాడు. నిలదీస్తే, మా ఎదురుగానే ఒక అట్టపెట్టెలోంచి ఆ కవరు తీశాడు. చింపి కూడా చూడలేదు. దాని కింద అలాంటి కవర్లు ఇంకా ఉన్నాయి. ఎవరెవరి ఇళ్లకు చేరవలసినవో నాకు తెలియదు. ఈ హెచ్చరిక రాయడానికి అసలు కారణం ఆ పెట్టె.

కాబట్టి, ఎవరి చేతనైనా ఇలాంటి దరఖాస్తు పెట్టించి ఉంటే, ముందు మీ కాగితాల్లో ఎవరి చిరునామా ఉందో, స్పర్శ్‌లో ఎవరి ఫోను నంబరు ఉందో ఈరోజే చూసుకోండి. వేరేవారిది కనిపిస్తే మార్పించండి, పాస్‌వర్డు మార్చండి. ఆ నంబరుకు ఓటీపీ వెళ్తోందని మీరే మార్చలేకపోతే సైనిక సంక్షేమ కార్యాలయంలోనో, స్పర్శ్ సేవా కేంద్రంలోనో అడగండి.

ఈ సవరణకు రికార్డ్స్ ఆఫీసు రుసుమేమీ తీసుకోదు. ఖర్చయ్యేది స్టాంపు పేపరు, ప్రమాణ పత్రం, అవసరమైతే పత్రికా ప్రకటన, స్పీడ్ పోస్టు, అంతే. సవరణ చేసేది బ్యాంకు కాదు, కన్సల్టెన్సీ అంతకన్నా కాదు. జవాన్ల, జేసీఓల (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ల) రికార్డులు వారు పనిచేసిన రెజిమెంటు లేదా కోర్‌కు (సైనిక విభాగానికి) చెందిన రికార్డ్స్ ఆఫీసులో ఉంటాయి. ఆర్టిలరీ వారివి నాసిక్ రోడ్డులో, ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల విభాగం) వారివి సికింద్రాబాదులో, మద్రాస్ రెజిమెంటు వారివి వెల్లింగ్టన్‌లో. మన ఊళ్లో ఎక్కువగా ఉన్న నౌకాదళ సెయిలర్లవి ముంబైలోని మాన్‌ఖుర్దులో, వైమానిక దళం వారివి ఢిల్లీలోని సుబ్రతో పార్కులో. రికార్డు సరిచేశాక వారే పింఛను అధికారులకు రాస్తారు. సవరణ పీపీఓ అక్కడి నుంచి వస్తుంది. ఏ ప్రమాణ పత్రం కావాలి, ఎవరి ముందు సంతకం చేయాలి అన్నవి ఆ రికార్డ్స్ ఆఫీసునే అడిగి, వారు చెప్పిన నమూనాలోనే చేయించండి. ప్రకటన అచ్చయిన రోజు సర్వీసు నంబరులోని ప్రతి అంకె మీద వేలు పెట్టి చదవండి.

ఒరిజినల్ డిశ్చార్జి బుక్కు ఎవరి చేతికీ ఇవ్వకండి. నకళ్లు చాలు. పింఛను లేకుండా బయటికి వచ్చినవారి సర్వీసు పత్రాలను 25 ఏళ్ల తర్వాత తొలగించే నిబంధన సైన్యంలో ఉంది. అలాంటి వారికి ఇంట్లో ఉన్న ఆ పుస్తకమే దాదాపు ఏకైక సాక్ష్యం. మా పుస్తకం తిరిగి ఇవ్వడానికి కూడా మరో 5,000 అడిగాడు. ఇవ్వలేదు. ఫిర్యాదు ఇచ్చిన నాలుగో రోజున ఎవరో తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్లారు. రెండు పుటలు ఊడిపోయి ఉన్నాయి.

సైనికుడి సొంత పుట్టిన తేదీని మార్పిస్తామని ఎవరైనా అంటే వెంటనే లేచి వచ్చేయండి. చేరినప్పుడు నమోదైన తేదీయే చెల్లుతుంది. ఏళ్ల తర్వాత వచ్చే అలాంటి కోరికలను న్యాయస్థానాలు కూడా పదే పదే తోసిపుచ్చాయి. ఆ గదిలో మా ముందు కూర్చున్న ఒక పెద్దాయనకు అదే హామీ ఇస్తుంటే విన్నాను.

రికార్డ్స్ ఆఫీసు కారణం చెప్పి నిరాకరిస్తే ఆ జవాబును భద్రంగా దాచండి. సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లవలసి వస్తే మన రాష్ట్రం చెన్నై బెంచి పరిధిలో ఉంది. అక్కడ ముందుగా అడిగేది ఆ కాగితాన్నే.

మా సంగతి ఇప్పుడిలా ఉంది. జీవన ప్రమాణ పత్రం మళ్లీ ఇచ్చాక ఆగిన పింఛను జమ అయింది. కొత్త దరఖాస్తు మేమే రాసి, మా ఇంటి చిరునామాతో పంపాం. అమ్మ పేరు, పుట్టిన తేదీ నమోదు చేశామని రికార్డ్స్ ఆఫీసు లేఖ వచ్చింది, సవరణ పీపీఓ రావలసి ఉంది. పతకం విషయం పరిశీలనలో ఉందన్నారు. పోలీసుల నుంచి ఇంకా కబురు లేదు. ఆ అట్టపెట్టె సంగతి ఫిర్యాదులో రాశాను. ఎన్ఏడీ కూడలి దగ్గర ఇలాంటి పని అప్పగించి జవాబు కోసం ఎదురుచూస్తున్నవారు, మీ పేరున కవరు ఏదైనా వెనక్కి వచ్చిందేమో రికార్డ్స్ ఆఫీసుకు నేరుగా రాసి కనుక్కోండి.