పార్కింగ్ షట్టర్‌కి కొత్త మోటార్: 2021 నుంచి వాడుతూ తెలుసుకున్నవి

మాది నల్గొండ జిల్లా మిర్యాలగూడ. ఇల్లు రోడ్డుకు ఆనుకునే ఉంటుంది, కింద కారు పార్కింగ్, దానికి పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఇనుప రోలింగ్ షట్టర్. ఇల్లు కట్టినప్పుడే పెట్టించిన ఏసీ మోటార్ ఒకటి ఉండేది. ఏ కంపెనీదో చెప్పను. చివరికొచ్చేసరికి దాని బ్రేక్ అరిగిపోయి, సగంలో ఆపితే షట్టర్ ఆగినట్టే ఆగి మెల్లగా జానెడు కిందికి జారేది. ఇంట్లో పెద్దావిడ మా అమ్మ ఉంది, చిన్నపిల్లలు ఉన్నారు, దగ్గర దగ్గర వంద కిలోల ఇనుము అట్లా జారుతుంటే చూస్తూ ఊరుకోలేం కదా. అందుకే రిపేర్ జోలికి పోకుండా 2021లో మొత్తం మోటారే మార్చేశాం. అప్పటి నుంచి రోజూ వాడుతున్నాం కాబట్టి, మన జిల్లాలో ఇదే పనిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా.

షాపుకు పోతే రిమోట్ నొక్కి షట్టర్ ఎత్తి చూపిస్తారు. ఎత్తడం ఏ మోటారైనా ఎత్తుతుంది. మీరు మాత్రం దించమనండి, సగంలో ఆపమనండి, దిగుతుండగా మెయిన్ ఆఫ్ చేయమనండి. కరెంటు పోతే అది ఏం చేస్తుంది, దిగే దారిలో మనిషి ఉంటే ఏం చేస్తుంది, ఈ రెండూ కళ్లారా చూశాకే డబ్బు కట్టండి. మిగతావన్నీ తర్వాతి మాట.

ఏ రకం కొనాలన్నది మొదటి తలనొప్పి. ఇళ్ల షట్టర్లకు మన దగ్గర ఎక్కువగా పెట్టేది షట్టర్‌కి ఒక పక్కన బిగించే ఏసీ సైడ్ మోటార్. అది చవక, గట్టిది, పక్కన చేతి గొలుసు ఉంటుంది, కరెంటు పోతే దాన్ని లాగి ఎత్తుకోవాలి. ఇంకోటి 24 వోల్టుల డీసీ మోటార్, దానికి రెండు చిన్న బ్యాటరీలు వస్తాయి. మూడోది షట్టర్ చుట్టుకునే పైపు లోపలే కూర్చునే ట్యూబులర్ మోటార్, చప్పుడు తక్కువే గానీ అది తేలిక అల్యూమినియం షట్టర్లకు బాగుంటుంది, పాడైతే పైపు విప్పితే తప్ప బయటికి రాదు. మా బావమరిది డల్లాస్‌లో ఉంటాడు, వాళ్లింట్లో తలుపు పలకలు పలకలుగా మడుచుకుని సీలింగ్ కిందికి పోతుంది, పైన బెల్టుతో లాగే ఓపెనర్. చూడ్డానికి చాలా బాగుంటుంది. కానీ ఆ తలుపు బరువంతా మోసేది స్ప్రింగులు, అవి మామూలుగా 10,000 సార్లు తెరిచి మూసేదాకా అని లెక్కగట్టి చేస్తారు, తెగిన రోజు వచ్చి మార్చేవాడు మిర్యాలగూడలో దొరకాలి కదా. దాన్ని అక్కడే వదిలేశాం.

బరువు లెక్క మీరే వేసుకోవచ్చు, షాపువాడి మాట మీద ఆధారపడనక్కర్లేదు. 1.2 మిల్లీమీటర్ల ఇనుప రేకు చదరపు మీటరుకు 9.4 కిలోలు తూగుతుంది, పలకల అంచుల మడతలు కలిపితే ఇంకా పెరుగుతుంది. మా షట్టర్ ఏడున్నర చదరపు మీటర్లకు కొంచెం తక్కువ, అన్నీ కలిపి వంద కిలోల చుట్టుపక్కల అనుకున్నాం. 300 కిలోల మోటార్ ధారాళంగా సరిపోతుంది. 800 కిలోలది తీసుకోండి సార్, జీవితాంతం చూసుకోనక్కర్లేదని ఒకతను గట్టిగా చెప్పాడు. అవసరానికి మించిన బలమున్న మోటార్ కింద ఏదైనా అడ్డు తగిలినా ఆగకుండా నొక్కేస్తుంది, ఇంట్లో అది నాకు మంచిదనిపించలేదు.

చివరికి సికింద్రాబాద్ రాణిగంజ్‌లో నాలుగు షాపులు తిరిగి 300 కిలోల డీసీ మోటారే తెచ్చుకున్నాం. బ్యాటరీలు, సెన్సార్లు, ఫిట్టింగ్ అన్నీ కలిపి నలభై వేల దాకా అయింది, మామూలు ఏసీది అయితే అందులో సగంలో తేలిపోయేది. ఆ తేడా దేనికి పెట్టామంటే, ఎండాకాలంలో సాయంత్రం గాలిదుమారం లేచిందంటే మా దగ్గర కరెంటు పోవడం ఖాయం, సరిగ్గా అప్పుడే కారు లోపల పెట్టాలి. చేతి గొలుసు నేను లాగుతాను, అమ్మ లాగలేదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, ఏసీ మోటారే దాని మీద నడుస్తుందిలే అని చాలామంది అంటారు. ఏసీ మోటార్ స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, చిన్న ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అని చేతులెత్తేస్తుంది. కాలిఫోర్నియాలో 2017 కార్చిచ్చుల్లో కరెంటు లేక కొందరు గ్యారేజీ తలుపు తెరవలేక లోపల చిక్కుకుపోయారు, దాంతో 2019 జూలై నుంచి అక్కడ అమ్మే ఓపెనర్లకు బ్యాటరీ ఉండి తీరాలని చట్టమే చేశారు. మన దగ్గర అలా అడిగేవాళ్లు లేరు కాబట్టి మనమే అడగాలి. ఇంకో మాట, పార్కింగ్ తప్ప ఇంట్లోకి వేరే దారి లేనివాళ్లు బయటి నుంచి తాళంచెవితో మోటార్ విడిపించుకునే ఏర్పాటు తప్పకుండా పెట్టించుకోండి. లోపలి గొలుసు బయట నిలబడ్డవాళ్లకు పనికిరాదు.

ఇక సెన్సార్లు. నా దృష్టిలో అసలు విషయం ఇదే, ఫిట్టింగ్ చేసేవాళ్లు తేలిగ్గా తీసుకునేదీ ఇదే. షట్టర్ రెండు పక్కలా ఎదురెదురుగా చిన్న డబ్బాలు పెడతారు, ఒకటి కంటికి కనిపించని కిరణం పంపుతుంది, రెండోది అందుకుంటుంది. దిగేటప్పుడు ఆ కిరణం తెగితే షట్టర్ ఆగి పైకి పోవాలి. అమెరికాలో 1993 నుంచి తయారైన ఇంటి ఓపెనర్లన్నిటికీ ఇట్లాంటి రక్షణ ఏదో ఒకటి ఉండాల్సిందే, సెన్సార్లు నేల నుంచి 6 అంగుళాలు దాటకూడదని అక్కడి మాన్యువల్స్‌లో రాసి ఉంటుంది. మన దగ్గర మోకాలి పైన బిగించి పోతారు. ఆ ఎత్తులో పాకే పిల్ల దొరకదు, పడుకున్న కుక్క దొరకదు. నేను ఆరు అంగుళాల దగ్గర గీత గీసి చూపిస్తే ఫిట్టింగ్‌కి వచ్చిన భాయ్, "ఇంత కిందికి ఎందుకన్నా, చీపురు తగిలి తిరిగిపోతది" అన్నాడు. "తిరిగిపోతే సరిచేసుకుంటంలే భాయ్, నువ్వు కిందికే పెట్టు" అన్నాను.

అయితే ఒక్క జత చాలదు. ఆరు అంగుళాలంటే 152 మిల్లీమీటర్లు, మామూలు చిన్న కార్ల కింద ఖాళీ 165, 170 ఉంటుంది. అంటే కారు సరిగ్గా షట్టర్ కింద ఆగి, ముందు చక్రం అటు, వెనక చక్రం ఇటు ఉంటే కిరణం కారు కింద నుంచి తాపీగా దూరిపోతుంది, మోటార్ దారి ఖాళీ అనుకుంటుంది. అందుకని రెండడుగుల ఎత్తులో రెండో జత కూడా పెట్టించి, రెంటినీ సిరీస్‌లో కలిపించాం, ఏది తెగినా షట్టర్ ఆగాల్సిందే. రెండో జతకు పెద్ద ఖర్చు లేదు. బేరం చేసి అయినా పెట్టించుకోండి.

మా ఇల్లు పడమర ముఖం. చలికాలంలో సూర్యుడు నైరుతికి జరిగి దిగుతాడు, సాయంత్రం ఎండ ఉత్తరం వైపు గోడకు పెట్టిన రిసీవర్ (కిరణం అందుకునే డబ్బా) కంట్లో సూటిగా పడి, షట్టర్ ఎంత నొక్కినా దిగకుండా మొరాయించేది. పంపేది ఉత్తరానికి, అందుకునేది దక్షిణానికి మార్పించాక, రిసీవర్ ముఖం ఉత్తరానికి తిరిగింది, మళ్లీ ఆ బాధ లేదు. పడమర ఇళ్లవాళ్లు ఫిట్టింగ్ రోజే ఇది చెప్పేయండి.

మా ఊళ్లో ఇంకోటి ఉంది, బూడిద. రైస్ మిల్లుల నుంచి వచ్చే నల్లటి ఊక బూడిద డాబా మీద ఆరేసిన బట్టల్ని వదలదు, సెన్సార్ అద్దాన్ని వదులుతుందా? వేలితో తుడిస్తే మసి అంటుతుంది. షట్టర్ దిగకపోతే మా ఇంట్లో ముందు చేసే పని పాత బనియన్ గుడ్డ తెచ్చి ఆ నాలుగు డబ్బాలూ తుడవడం, చాలాసార్లు అంతటితో సరిపోతుంది. షట్టర్ జారే పక్క గైడ్ చానళ్లకు గ్రీజు పూయొద్దు. బూడిద, గ్రీజు కలిసి ముద్దకట్టి షట్టర్ బిగుసుకుపోతుంది, మోటార్ మీద భారం పెరుగుతుంది. బ్రష్‌తో దులిపి, ఎప్పుడైనా సిలికాన్ స్ప్రే కొట్టండి, చాలు.

బ్యాటరీల దగ్గర మాత్రం నేను పూర్తిగా సంతోషంగా లేను. 12 వోల్టులవి, 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ ఎంత కరెంటు నిల్వ చేస్తుందో చెప్పే కొలత) సైజువి రెండు. లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు దాదాపు సగం పడిపోతుంది, మన జిల్లాలో మే నెలలో 44 మామూలే, షట్టర్ పైన రేకు డబ్బా లోపల ఇంకెంత ఉంటుందో ఊహించుకోండి. మొదటి జత రెండు ఎండాకాలాలు దాటాక మొత్తుకోవడం మొదలుపెట్టింది, కరెంటు లేనప్పుడు సగం దాకా ఎత్తి ఆగిపోయేది. కొత్తవి ఇక్కడే దొరికాయి, రెండు వేల చిల్లర. ఈసారి వాటిని పైన పెట్టకుండా, వైరు పొడిగించి కింద నీడ పడే గోడకు పెట్టించాం, ఇప్పటిదాకా బాగున్నాయి.

రిమోట్ గురించి పెద్దగా చెప్పేది లేదు, ఒక్కటి తప్ప. రోలింగ్ కోడ్ ఉన్నదే తీసుకోండి. నొక్కిన ప్రతిసారీ కోడ్ మారుతుంది. చవక రిమోట్లలో ఎప్పుడూ ఒకటే కోడ్ పోతుంది, తాళాల షాపువాడు నిమిషంలో దానికి జంట తయారుచేసి ఇస్తాడు, మనకు ఇచ్చినట్టే ఇంకెవరికైనా ఇస్తాడు. ఫోన్ యాప్ కూడా వచ్చింది, వాడటం లేదు. దానంతట అదే మూసుకునే ఆటో క్లోజ్ ఉంటే ఆపించేయండి, పిల్లలున్న ఇంట్లో మూసేవాళ్లు దగ్గర నిలబడి, చూస్తూ మూయాలి.

సర్వీస్ మాట కొనేముందే తేల్చుకోవాలి. హైదరాబాద్ నుంచి మనిషి రావాలంటే రానుపోను చార్జీలే తడిసి మోపెడవుతాయి. నేను కొనేముందే బోర్డు, లిమిట్ స్విచ్ (షట్టర్ పైనా కిందా ఎక్కడ ఆగాలో చూసేది), గొలుసు విడిగా అమ్ముతారా అని అడిగి, బిల్లు మీద మోడల్ నంబర్ రాయించుకుని, మా ఎలక్ట్రీషియన్‌ను ఫిట్టింగ్ రోజు పక్కనే నిలబెట్టుకున్నా. కంట్రోల్ బోర్డు ఒకసారి పోయింది, వైర్లు దూరే రంధ్రం గుండా బల్లి లోపలికి దూరి షార్ట్ అయింది. బోర్డు కొరియర్‌లో తెప్పించుకుంటే ఆయనే గంటలో మార్చేశాడు. ఆ రంధ్రాన్ని ఎం-సీల్‌తో మూసి, ఉరుముల కాలానికి, వోల్టేజి ఒక్కసారిగా ఎగిసినా బోర్డు కాలకుండా కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించాం, ఎర్తింగ్ కూడా సరిచూయించాం.

మోటార్ మటుకు ఇంతవరకు ఒక్క రోజు జారలేదు, ఎక్కడ ఆపితే అక్కడే నిలబడుతుంది. ఏసీ దానికన్నా నెమ్మది, పైకి పోవడానికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది, మొదట్లో మా ఆవిడకు అది నచ్చలేదు. మళ్లీ కొనాల్సి వస్తే ఇదే రకం కొంటాను, కాకపోతే బ్యాటరీలు మొదటి రోజే కింద గోడకు పెట్టిస్తాను. మీ షట్టర్ వెడల్పు ఎనిమిది అడుగుల లోపు ఉండి, ఇంట్లో గొలుసు లాగగలిగే మనిషి ఎప్పుడూ ఉంటారంటే ఏసీ మోటారే తీసుకోండి, మిగిలిన డబ్బుతో సెన్సార్లు రెండు జతలు పెట్టించండి.